డేటాబేస్ డ్రైవర్ ఎంచుకోవాలంటే విండోస్‌ని కాదు, దాన్ని వాడే ప్రోగ్రామ్‌ని చూడండి

ప్రోగ్రామ్‌ని డేటాబేస్‌తో మాట్లాడించే డ్రైవర్ ఇన్‌స్టాల్ అయింది. కంట్రోల్ ప్యానెల్‌లో పేరు కనిపిస్తోంది. టెస్ట్ కనెక్షన్ నొక్కితే సక్సెస్ అంటోంది. తీరా ఎక్సెల్ నుంచో, ఆఫీసులో వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచో కనెక్ట్ చేయబోతే “డేటా సోర్స్ నేమ్ నాట్ ఫౌండ్ అండ్ నో డిఫాల్ట్ డ్రైవర్ స్పెసిఫైడ్” అని వస్తుంది, పక్కనే ఐఎం002 అనే కోడ్. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేస్తారు. రీస్టార్ట్ చేస్తారు. యాంటీవైరస్ ఆపి చూస్తారు. మళ్లీ అదే మెసేజ్.

చాలాసార్లు ఇక్కడ ఇన్‌స్టలేషన్‌లో తప్పేమీ ఉండదు. డ్రైవర్ శుభ్రంగానే దిగింది, కాకపోతే దిగాల్సిన డ్రైవర్ అది కాదు. విండోస్ 64 బిట్ కదా అని 64 బిట్‌ది దించుకుంటాం. సర్వర్‌లో మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2017 వెర్షన్ ఉంది కదా అని 17 నంబరున్న డ్రైవర్ కోసం వెతుకుతాం. చూడాల్సింది ఈ రెండూ కాదు. డ్రైవర్‌ని పిలిచేది ప్రోగ్రామ్, కాబట్టి ఏది వేయాలో తేల్చేది కూడా ఆ ప్రోగ్రామే. డేటాబేస్ ఒక్కటే అయినా ఎక్సెల్‌కి ఒక డ్రైవర్, పైథాన్‌కి ఇంకొకటి, జావాకి మరొకటి కావాల్సి రావచ్చు.

నా సలహా ముందే చెప్పేస్తాను. మీరు రాసే ప్రోగ్రామింగ్ భాషకే సొంత డ్రైవర్ ఉంటే దాన్నే తీసుకోండి. ఎక్సెల్, పవర్ బీఐ, పాత వీబీ ప్రోగ్రాముల్లాంటివి అడిగితే ఓడీబీసీ, అంటే ఏ డేటాబేస్‌నైనా ఒకే తీరుగా పిలిచే ఉమ్మడి పద్ధతి. అలాంటిదే మైక్రోసాఫ్ట్‌ది ఇంకో పద్ధతి, ఓఎల్ఈ డీబీ మాత్రం ప్రోగ్రామ్ అదే కావాలని పట్టుబడితే తప్ప వద్దు. మధ్యలో ముక్కలు ఎంత తక్కువ ఉంటే అంత తక్కువ టెన్షన్.

32 బిట్టా, 64 బిట్టా

విండోస్‌లో ఓడీబీసీ డ్రైవర్ అంటే ఒక డీఎల్‌ఎల్ ఫైలు, వేరే ప్రోగ్రాములు పిలిచి వాడుకునే కోడ్ ఉన్న ఫైలు. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఆ ఫైలు దాని ప్రాసెస్‌లోకే లోడ్ అవుతుంది. 32 బిట్ ప్రాసెస్‌లోకి 64 బిట్ డీఎల్‌ఎల్ ఎక్కదు, మీటర్‌గేజ్ పట్టాల మీద బ్రాడ్‌గేజ్ పెట్టె నడవనట్టే. విండోస్ రెండు రకాల ప్రోగ్రాముల్నీ నడుపుతుంది గనక డ్రైవర్ల జాబితాలు కూడా రెండు పెట్టుకుంటుంది. ఒక జాబితాలో ఉన్నది రెండో జాబితా చూసేవాళ్లకు కనిపించదు. ఐఎం002కి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం ఇదే. డీఎస్‌ఎన్ (కనెక్షన్ వివరాలను దాచుకున్న సెట్టింగ్) పేరులోనో, కనెక్షన్ స్ట్రింగ్‌లో (ప్రోగ్రామ్‌లో ఆ వివరాలు రాసే లైను) రాసిన డ్రైవర్ పేరులోనో ఒక అక్షరం తేడా ఉన్నా ఇదే కోడ్ వస్తుంది, అది కూడా ఓసారి చూసుకోండి.

పేర్ల దగ్గరే చాలామంది బోల్తా పడతారు. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32 అని ఉన్నదాంట్లో 64 బిట్ ఫైళ్లుంటాయి, సిస్‌వావ్64 అని ఉన్నదాంట్లో 32 బిట్‌వి ఉంటాయి. తిరగేసి పెట్టినట్టుంటుంది గానీ కారణం ఉంది: పాత ప్రోగ్రాములు సిస్టమ్32 అనే పేరును కోడ్‌లోనే రాసేసుకున్నాయి, వాటిని 64 బిట్‌కి మార్చేటప్పుడు ఆ పేరు చెడకూడదని అలాగే ఉంచేశారు. రెండు ఫోల్డర్లలోనూ, డ్రైవర్లనూ డీఎస్‌ఎన్‌లనూ చూపించే ఓడీబీసీ అడ్మినిస్ట్రేటర్ ఫైలు పేరు ఒక్కటే, చివర 32 అనే ఉంటుంది. విండోస్ 10, 11లలో స్టార్ట్ మెనూలో ఓడీబీసీ అని టైప్ చేస్తే 32 బిట్, 64 బిట్ అని విడివిడిగా రెండూ వస్తాయి. ఆ పేర్లనే నమ్మండి, ఫోల్డర్ పేర్లను నమ్మకండి.

ఇంకో తిరకాసు ఉంది. కంప్యూటర్ వాడే అందరికీ పనికొచ్చే సిస్టమ్ డీఎస్‌ఎన్‌లు ఏ జాబితావి ఆ జాబితాలోనే ఉంటాయి. మీ ఒక్క లాగిన్‌కే ఉండే యూజర్ డీఎస్‌ఎన్‌లు మాత్రం రెండు చోట్లా కనిపిస్తాయి. కనిపించింది కదా అని ఎంచుకుంటే ఐఎం014 వస్తుంది, “ఆర్కిటెక్చర్ మిస్‌మ్యాచ్” అని. ఒకరకంగా ఇది మంచి ఎర్రర్, గొడవ ఎక్కడుందో దాచుకోకుండా చెప్పేస్తుంది. లిస్టులో ప్లాట్‌ఫామ్ అనే కాలమ్ చూస్తే ఏది ఏ బిట్టో తెలిసిపోతుంది.

కాబట్టి డౌన్‌లోడ్ పేజీకి వెళ్లకముందే మీ ప్రోగ్రామ్ ఎన్ని బిట్లదో చూడండి. ఎక్సెల్ అయితే ఫైల్, అకౌంట్, ఎబౌట్ ఎక్సెల్ అని వెళ్తే పైవరసలోనే రాసి ఉంటుంది. పైథాన్ తెరవగానే మొదటి లైన్లో చెబుతుంది. మిగతావాటికి టాస్క్ మేనేజర్ డీటెయిల్స్ ట్యాబ్‌లో కాలమ్ హెడింగ్ మీద రైట్ క్లిక్ చేసి ప్లాట్‌ఫామ్ కాలమ్ పెట్టుకోండి. కొత్త కంప్యూటర్లో కూడా 32 బిట్ ప్రోగ్రాములు చాలానే నడుస్తుంటాయి. విజువల్ స్టూడియో 2019 దాకా 32 బిట్టే, 2022తోనే 64 అయింది. ఎస్‌క్యూఎల్ సర్వర్ మేనేజ్‌మెంట్ స్టూడియో 20 దాకా 32 బిట్టే. అందుకే దాంట్లోంచి ఇంపోర్ట్ విజార్డ్ తెరిస్తే ఎక్సెల్ ప్రొవైడర్ (ఓఎల్ఈ డీబీ డ్రైవర్) లేదంటుంది. స్టార్ట్ మెనూలో 64 బిట్ ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ విజార్డ్ విడిగా ఉంటే దాన్ని తెరవండి, అదే పని చక్కగా అవుతుంది. పాత వెబ్ అప్లికేషన్ మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్ మీద నడుస్తుంటే అప్లికేషన్ పూల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో “ఎనేబుల్ 32 బిట్ అప్లికేషన్స్” ట్రూలో ఉందా ఫాల్స్‌లో ఉందా అన్నదే అంతా నిర్ణయిస్తుంది.

అకౌంటెంట్లకు ఒక మాట. టాలీ నుంచి ఎక్సెల్‌కి ఓడీబీసీలో డేటా తెచ్చుకునేటప్పుడు కూడా ఇదే లెక్క, ఎక్సెల్ ఏ బిట్ అయితే ఆ బిట్ టాలీ ఓడీబీసీ డ్రైవరే కావాలి. పైగా ఆ సమయానికి టాలీ, అందులో కంపెనీ తెరిచి ఉండాలి, డేటా ఇచ్చేది అదే గనక. డీఎస్‌ఎన్ పేరు చివర 9000 అని కనిపించేది టాలీ వాడే పోర్టు నంబరు. అది మార్చుకుని ఉంటే పేరు కూడా మారుతుంది.

ఎర్రర్ కోడ్‌లో మొదటి రెండు అక్షరాలు

మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా వద్దా అన్నది కోడే చెబుతుంది. ఐఎం అని మొదలైతే గొడవ మీ కంప్యూటర్లోనే, డ్రైవర్ దాకా కూడా చేరలేదని అర్థం. 08001 అంటే డ్రైవర్ లోడ్ అయింది, సర్వర్ దాకా వెళ్లలేకపోయింది, లేదా అక్కడ చేతులు కలపలేకపోయింది. 28000 అంటే సర్వర్ దాకా వెళ్లింది, లాగిన్ దగ్గర ఆగింది. 28000 చూసి కూడా డ్రైవర్ తీసేసి మళ్లీ వేసేవాళ్లున్నారు. ఆ కోడ్ వచ్చిందంటేనే డ్రైవర్ తన పని చేసిందని. అడగాల్సింది పాస్‌వర్డ్ ఇచ్చినాయన్ని.

ఐఎం003 గురించి కొంచెం వివరంగా చెప్పాలి. “స్పెసిఫైడ్ డ్రైవర్ కుడ్ నాట్ బి లోడెడ్ డ్యూ టు సిస్టమ్ ఎర్రర్” అని చెప్పి ఒక నంబరు ఇస్తుంది. 126 అయితే డ్రైవర్ ఫైలో, దానికి తోడుగా ఉండాల్సిన ఇంకో ఫైలో లేదు. ఆ తోడు ఫైళ్లు దాదాపు ఎప్పుడూ విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే మైక్రోసాఫ్ట్ ప్యాకేజీవే. మైఎస్‌క్యూఎల్ ఓడీబీసీ కనెక్టర్‌కి అది తప్పనిసరి. డ్రైవర్ ఏ బిట్ అయితే రీడిస్ట్రిబ్యూటబుల్ కూడా అదే బిట్ వేయండి, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే. ఫలానా డీఎల్‌ఎల్ లేదంది కదా అని ఆ ఒక్క ఫైలును విడిగా పంచే సైట్ల నుంచి దించి సిస్టమ్ ఫోల్డర్‌లో పడేయొద్దు. వైరస్ సంగతి అటుంచి, వెర్షన్ కలవక వేరే ప్రోగ్రాములు కూడా పడకేస్తాయి. నంబరు 193 అయితే మళ్లీ అదే బిట్ల గొడవ.

08001కి డ్రైవర్‌ని తప్పుపట్టేముందు పోర్టు చూడండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి 1433, మైఎస్‌క్యూఎల్‌కి 3306, పోస్ట్‌గ్రెస్‌కి 5432, ఒరాకిల్‌కి 1521. పవర్‌షెల్‌లో టెస్ట్ నెట్‌కనెక్షన్ కమాండ్ ఇస్తే తలుపు తెరిచుందో లేదో తెలుస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ వేసుకుంటే టీసీపీ ఐపీ డిఫాల్ట్‌గా ఆపేసి ఉంటుంది, కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో ఆన్ చేసి సర్వీస్ రీస్టార్ట్ చేయాలి. అదే మెషీన్ మీద పనిచేసి పక్క మెషీన్ నుంచి పనిచేయకపోతే ముందు ఇక్కడే చూడండి, ఆ తర్వాత ఫైర్‌వాల్.

యాక్సెస్, ఎక్సెల్ ఫైళ్లు: అసలు డ్రైవర్ కావాలా?

“మైక్రోసాఫ్ట్ ఏస్ ఓఎల్ఈడీబీ 12.0 ప్రొవైడర్ ఈజ్ నాట్ రిజిస్టర్డ్ ఆన్ ది లోకల్ మెషీన్.” ఈ ఒక్క లైను మీద ఖర్చయిన మధ్యాహ్నాలు అన్నీ ఇన్నీ కావు. దీనికి మందు యాక్సెస్ డేటాబేస్ ఇంజిన్ అనే ఉచిత ప్యాకేజీ, యాక్సెస్, ఎక్సెల్ ఫైళ్లను చదివే ఈ ఏస్ డ్రైవర్ అందులోనే ఉంటుంది. 2010ది ఒకటి, 2016ది ఒకటి ఉన్నాయి, 2010దానికి సపోర్ట్ ఆగిపోయింది. అంతకు ముందు తరం జెట్ 4.0 అయితే 32 బిట్‌లో తప్ప లేదు, 64 బిట్ ప్రోగ్రామ్ నుంచి దాన్ని పిలవడం కుదిరే పని కాదు.

మిగతా డ్రైవర్లు 32, 64 రెండూ పక్కపక్కన కూర్చుంటాయి. ఇది కూర్చోదు. 32 బిట్ ఆఫీస్ ఉన్న మెషీన్‌లో 64 బిట్ ఇంజిన్ వేయబోతే, మీ దగ్గర 32 బిట్ ఆఫీస్ ఉంది కాబట్టి కుదరదని మొహం మీదే చెప్పి ఆగిపోతుంది. అప్పుడు మీ ముందు నాలుగు దారులుంటాయి.

ఒకటి, ఆఫీస్ ఏ బిట్ అయితే అదే బిట్ ఇంజిన్ వేసి, మీ ప్రోగ్రామ్‌ని కూడా ఆ బిట్‌కే తేవడం. సొంతంగా రాసుకున్న డాట్‌నెట్ ప్రోగ్రామ్ అయితే ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో ప్లాట్‌ఫామ్ టార్గెట్ ఎక్స్86 (32 బిట్) అని మార్చి బిల్డ్ చేస్తే చాలు. పాత ప్రోగ్రామ్, చిన్న ఆఫీసు అయితే ఇంతకన్నా సుఖమైన దారి లేదు.

రెండోది అందరూ చెప్పుకునే చిట్కా: ఇన్‌స్టాలర్‌ని కమాండ్ ప్రాంప్ట్ నుంచి క్వైట్ అనే స్విచ్‌తో నడపడం. అలా నడిపితే ఆ తనిఖీ దాటేసి ఇన్‌స్టాల్ అయిపోతుంది. పనిచేస్తుంది కూడా. కానీ తర్వాత ఎక్సెల్ తెరిచిన ప్రతిసారీ “కాన్ఫిగరింగ్” అనే పెట్టె కాసేపు తిరగడం మొదలవచ్చు. మైక్రోసాఫ్ట్ ఈ కలగలుపుకి సపోర్ట్ ఇవ్వదు. మీ సొంత టెస్ట్ మెషీన్‌లో చేసుకోండి. మార్చి నెలాఖరులో అకౌంట్స్ వాళ్ల కంప్యూటర్లో మాత్రం చేయకండి.

మూడోది ఆఫీస్‌నే 64 బిట్‌కి మార్చడం. పాతది పూర్తిగా తీసేసి కొత్తగా వేయాలి. ఆఫీస్ 2019 నుంచి డిఫాల్ట్‌గా వచ్చేది 64 బిట్టే కాబట్టి ఎప్పటికైనా వెళ్లాల్సిన దారే. అయితే ఎక్సెల్‌లో వాడే యాడ్ఇన్‌లు, పాత మ్యాక్రోలు 64 బిట్‌లో నడుస్తాయో లేదో ముందు చూసుకోవాలి.

నాకు నచ్చేది నాలుగోది, డ్రైవరే లేకుండా చేసుకోవడం. ఎక్సెల్ ఫైలు చదవడానికి పైథాన్‌లో ఓపెన్‌పైఎక్స్ఎల్, డాట్‌నెట్‌లో క్లోజ్డ్‌ఎక్స్ఎంఎల్ లాంటి లైబ్రరీలు నేరుగా ఫైలునే తెరుస్తాయి. ఆఫీస్ ఉండక్కర్లేదు, బిట్ల గొడవ లేదు. యాక్సెస్ ఫైలును జావా నుంచి చదవాలంటే యూకాన్‌యాక్సెస్ ఉంది. సర్వర్ మీద సర్వీసులాగా నడిచే ప్రోగ్రామ్‌కి ఏస్ ఇంజిన్ వాడొద్దని మైక్రోసాఫ్ట్ కూడా చెబుతుంది, అలాంటి చోట ఈ నాలుగో దారి తప్ప వేరే ఆలోచన పెట్టుకోకండి.

ఎస్‌క్యూఎల్ సర్వర్: ఇన్ని పేర్లలో ఏది?

డ్రైవర్ల జాబితా తెరిస్తే “ఎస్‌క్యూఎల్ సర్వర్” అని ఉత్త పేరుతో ఒకటి, నేటివ్ క్లయింట్ 11 అని ఒకటి, ఓడీబీసీ డ్రైవర్ 17, 18 అని మరో రెండు కనిపించవచ్చు. ఉత్త పేరుతో ఉన్నది విండోస్‌తో పాటే వస్తుంది. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే పనిచేస్తుంది గనక చాలామంది దాంతోనే సరిపెట్టుకుంటారు. అది ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000 కాలం నాటి బుర్ర. 2008లో వచ్చిన డేట్, డేట్‌టైమ్2 రకాలు దానికి తెలియవు, తేదీలు టెక్స్ట్‌గా వచ్చిపడతాయి. ఎక్సెల్‌లో తేదీలను సార్ట్ చేస్తే వరస తప్పుతుంటే ముందు ఈ డ్రైవర్‌నే అనుమానించండి. నేటివ్ క్లయింట్ 2012 తరానిది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022 నుంచి దాన్ని తీసేశారు. పాత సాఫ్ట్‌వేర్ దాని పేరు పెట్టి అడిగితే తప్ప కొత్తగా వేయకండి.

అసలు పోటీ 17కి, 18కి మధ్యే. ముందు ఒక అపోహ: ఈ నంబర్లు సర్వర్ వెర్షన్లు కావు. 17 డ్రైవర్‌తో 2022 సర్వర్‌కి, 18తో 2017 సర్వర్‌కి మామూలుగా కనెక్ట్ కావచ్చు. రెండూ ఒకే మెషీన్‌లో ఉండొచ్చు. 64 బిట్ ఇన్‌స్టాలర్ వేస్తే 32 బిట్ డ్రైవర్ కూడా దాంతోనే వచ్చేస్తుంది. కనెక్షన్ స్ట్రింగ్‌లో మాత్రం ఏది ఉంటే దాని పేరే రాయాలి. 18 వేసి కోడ్‌లో 17 అని వదిలేస్తే మళ్లీ మన పాత నేస్తం ఐఎం002.

2022లో 18 వచ్చినప్పుడు ఒక పెద్ద మార్పు చేశారు: ఎన్‌క్రిప్షన్ ఇక అడగకుండానే ఆన్. దాంతో సర్వర్ చూపించే సర్టిఫికెట్‌ని కూడా డ్రైవర్ తనిఖీ చేస్తుంది. చాలా ఆఫీసుల్లో సర్వర్‌కి తనంతట తాను తయారుచేసుకున్న సర్టిఫికెట్టే ఉంటుంది, దాన్ని ఎవరూ ధ్రువీకరించి ఉండరు. కాబట్టి “సర్టిఫికెట్ చైన్ వాజ్ ఇష్యూడ్ బై యాన్ అథారిటీ దట్ ఈజ్ నాట్ ట్రస్టెడ్” అని తిప్పి పంపేస్తుంది. నిన్నటిదాకా 17తో నడిచింది ఈరోజు 18తో ఆగింది కాబట్టి కొత్త డ్రైవర్ చెడ్డదని తేల్చేసి వెనక్కి వెళ్తుంటారు.

కొత్త పనికైతే 18 తీసుకోండి. మీ కంప్యూటర్లోనే నడిచే టెస్ట్ సర్వర్ అయితే కనెక్షన్ స్ట్రింగ్‌లో ట్రస్ట్ సర్వర్ సర్టిఫికెట్ యెస్ అని పెట్టుకోండి. అలా పెడితే డేటా ఎన్‌క్రిప్ట్ అవుతూనే ఉంటుంది, అవతల ఉన్నది నిజంగా మీ సర్వరేనా అని మాత్రం అడగదు. ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో ఇలా నెట్టుకొస్తున్నవాళ్లు బోలెడుమంది. ఇంటర్నెట్ మీదుగా వెళ్లే కనెక్షన్‌కి మాత్రం ఒప్పుకోకండి, అక్కడ సర్వర్‌కి సరైన సర్టిఫికెట్ పెట్టించాల్సిందే. ఎన్‌క్రిప్ట్ నో అని రాయడం అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా చెడ్డది. ఇక సర్వర్ 2012 కన్నా పాతదైతే 18తో కుస్తీ పట్టకండి. 17 వాడుకుంటూ సర్వర్ మార్చే సంగతి చూడండి.

జావావాళ్లకూ ఇదే అనుభవం ఎదురవుతుంది. జావా కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చే జేడీబీసీ డ్రైవర్ 10.2 నుంచి ఎన్‌క్రిప్ట్ డిఫాల్ట్‌గా ట్రూ. “పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్” అని వస్తే విషయం ఇదే.

పైథాన్‌లో ఓడీబీసీని పిలిచే పైఓడీబీసీ లైబ్రరీ వాడేవాళ్లు మరిచిపోయేది ఒకటుంది. పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో పైఓడీబీసీ వేసినంత మాత్రాన మైక్రోసాఫ్ట్ డ్రైవర్ రాదు, అది వేరే ఇన్‌స్టలేషన్. పైఓడీబీసీలో డ్రైవర్స్ అనే ఫంక్షన్ ఉంది. దాన్ని పిలిస్తే ఆ పైథాన్‌కి కనిపించే డ్రైవర్ల పేర్లన్నీ వరసగా ఇస్తుంది. కనెక్షన్ స్ట్రింగ్‌లోకి పేరును అక్కడి నుంచే కాపీ చేసుకోండి. జాబితాలో పేరు లేకపోతే ఇంకేదీ వెతకక్కర్లేదు.

ఓఎల్ఈ డీబీ సంగతి తమాషాగా ఉంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి దాన్ని ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ 2011లో ప్రకటించింది, 2017లో మనసు మార్చుకుంది, 2018లో కొత్త డ్రైవర్ ఇచ్చింది. ఓఎల్ఈ డీబీని పిలిచే ఏడీవో లైబ్రరీతో రాసిన పాత ప్రోగ్రాములు బోలెడు ఉన్నాయి మరి. మీ ప్రోగ్రామ్ ఏడీవో మీద నడుస్తుంటే ఆ కొత్త డ్రైవరే వేయండి. పరీక్షించడానికి డెస్క్‌టాప్ మీద ఖాళీ టెక్స్ట్ ఫైలు ఒకటి చేసి, ఎక్స్‌టెన్షన్ యూడీఎల్ అని మార్చి డబుల్ క్లిక్ చేయండి. ప్రొవైడర్ల జాబితా, టెస్ట్ బటన్‌తో పెట్టె తెరుచుకుంటుంది. 64 బిట్ విండోస్‌లో అది 64 బిట్ ప్రొవైడర్లనే చూపిస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

తెలుగు డేటా ఉంటే ఒకే ఒక ఎంపిక

మైఎస్‌క్యూఎల్ ఓడీబీసీ ఇన్‌స్టాల్ చేయగానే జాబితాలో రెండు పేర్లు చేరతాయి, ఏఎన్‌ఎస్‌ఐ డ్రైవర్, అన్ని భాషల అక్షరాలూ పట్టే యూనికోడ్ డ్రైవర్. పోస్ట్‌గ్రెస్‌కీ అంతే. అక్షర క్రమంలో పైన ఉంటుంది కాబట్టి చెయ్యి ఏఎన్‌ఎస్‌ఐ మీదికే పోతుంది. డేటాబేస్‌లో తెలుగు ఒక్క ముక్క ఉన్నా అది వద్దు. తమిళం, హిందీలాగే తెలుగుకు కూడా విండోస్‌లో ఏఎన్‌ఎస్‌ఐ కోడ్‌పేజీ, అంటే ఆ పాత పద్ధతి అక్షరాల పట్టిక, లేనే లేదు. ఆ దారిన తెలుగు వెళ్లే వీలు లేదు, ప్రశ్నార్థకాలే వెళ్తాయి.

ఆ ప్రశ్నార్థకాలను లెక్కపెడితే ఒక విషయం బయటపడుతుంది. సుబ్బారావు అని పంపితే పది ప్రశ్నార్థకాలు వస్తాయి. చూపుకి నాలుగు అక్షరాలే గానీ యూనికోడ్ లెక్కలో స, ఉకారం, బ, పొల్లు, మళ్లీ బ, దీర్ఘం, ర, దీర్ఘం, వ, ఉకారం మొత్తం పది. ఒక్కొక్కటి, యూనికోడ్‌ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో మూడు బైట్లు, అంటే 30 బైట్లు. అలా పదీ వచ్చాయంటే పేరు మొత్తం దారిలో మారిపోయిందని అర్థం. టేబుల్‌లోకి ప్రశ్నార్థకాలుగా వెళ్లి కూర్చున్నది ఇక తిరిగి తెలుగు కాదు, మళ్లీ టైప్ చేసుకోవడమే. టేబుల్‌లో తెలుగు బాగానే ఉండి మీ స్క్రీన్ మీద మాత్రమే ఇలా ఉంటే బతికిపోయారు, డ్రైవర్ మారిస్తే సరిపోతుంది. పెట్టెలు పెట్టెలుగా కనిపిస్తే అది ఫాంట్ సమస్య, డ్రైవర్‌ది కాదు.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డ్రైవర్ సరైనదే అయినా ఇదే జరగొచ్చు. కాలమ్ యూనికోడ్ పట్టే ఎన్‌వార్‌చార్ రకం అయి ఉండాలి, క్వెరీలో తెలుగు మాట నేరుగా రాస్తే కోట్ ముందు ఎన్ అక్షరం ఉండాలి. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి డిఫాల్ట్ తెలుగు పట్టే యూటీఎఫ్8ఎంబీ4 కాబట్టి బాధ లేదు. 5.7 కాలంలో చేసిన టేబుళ్లు అయితే తెలుగు పట్టని లాటిన్1లో ఉండొచ్చు, చూసుకోండి. ఒరాకిల్‌లో వార్‌చార్2 20 అని పెడితే మామూలుగా 20 బైట్లనే లెక్క, మన సుబ్బారావు అందులో పట్టడు. ఓఆర్ఏ-12899 అని వస్తుంది, డ్రైవర్‌కి దాంతో సంబంధం లేదు.

అను ఫాంట్లలో టైప్ చేసిన పాత డేటా లెక్క వేరు. అవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లీషు గుర్తులకు తగిలించిన తెలుగు రూపాలు. ముందు యూనికోడ్‌కి కన్వర్ట్ చేసుకుని ఆ తర్వాతే డ్రైవర్ సంగతి ఆలోచించండి.

మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్: ఇక్కడ కొత్తదే మంచిది

ఈ రెండింటిలో పాత డ్రైవర్ పట్టుకుని కూర్చుంటే లాగిన్ దగ్గర దెబ్బతింటారు. మైఎస్‌క్యూఎల్ 8.0 పాస్‌వర్డ్ తనిఖీకి క్యాషింగ్ షా2 పద్ధతికి మారింది. పాత కనెక్టర్‌కి అది తెలియదు, “ఆథెంటికేషన్ ప్లగిన్ కెనాట్ బి లోడెడ్” అంటుంది. సర్వర్‌లో ఆ యూజర్‌ని పాత నేటివ్ పద్ధతికి మార్చమనే సలహా చాలా చోట్ల కనిపిస్తుంది. 8.4లో ఆ పాత పద్ధతి డిఫాల్ట్‌గా ఆపేశారు, 9.0లో తీసేశారు. కాబట్టి సర్వర్‌ని వెనక్కి లాగడం కన్నా కనెక్టర్‌ని ముందుకు తేవడం మేలు. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి కొత్త పాస్‌వర్డ్‌లు స్క్రామ్ పద్ధతిలో ఉంటాయి. “ఆథెంటికేషన్ మెథడ్ 10 నాట్ సపోర్టెడ్” అని వస్తే డ్రైవర్ వెంట ఉన్న లైబ్రరీ పాతదని అర్థం.

పైథాన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి సైకోపీజీ2 వేస్తే “పీజీ కాన్ఫిగ్ ఎగ్జిక్యూటబుల్ నాట్ ఫౌండ్” రావడం మామూలే. మీ దగ్గర కంపైల్ చేయబోయి సామాన్లు దొరకక ఆగింది. పేరు చివర బైనరీ అని ఉన్న ప్యాకేజీ వేయండి, అందులో అన్నీ సిద్ధంగా ఉంటాయి. నేర్చుకోవడానికి, ఆఫీసు స్క్రిప్టులకు అది చాలు. పెద్ద ప్రొడక్షన్ సర్వర్‌కి సొంతంగా కంపైల్ చేసుకోమని దాన్ని తయారుచేసినవాళ్లే చెబుతారు. కొత్త ప్రాజెక్టు అయితే సైకోపీజీ 3 చూడండి.

ఒరాకిల్: థిన్ అయితే హాయి

పైథాన్‌కి పాత ఒరాకిల్ లైబ్రరీ అయిన సీఎక్స్ ఒరాకిల్‌తో డీపీఐ-1047 ఎర్రర్ చూడనివాళ్లు అరుదు. 64 బిట్ ఒరాకిల్ క్లయింట్ లైబ్రరీ కనబడలేదని దాని గోల. ఆ లైబ్రరీలుండే ఇన్‌స్టంట్ క్లయింట్ జిప్ దించి, విప్పి, ఆ ఫోల్డర్‌ని పాత్‌లో, అంటే విండోస్ ఫైళ్లు వెతికే ఫోల్డర్ల జాబితాలో చేర్చాలి. మెషీన్‌లో ఇంతకుముందే ఇంకో ఒరాకిల్ క్లయింట్ ఉంటే పాత్‌లో ముందు ఏది ఉంటే అదే దొరుకుతుంది, అది 32 బిట్‌దైతే మళ్లీ మొదటికి. 2022లో పైథాన్ ఒరాకిల్‌డీబీ అని కొత్త పేరుతో వచ్చినదాంట్లో థిన్ మోడ్ డిఫాల్ట్. క్లయింట్ లైబ్రరీలే అక్కర్లేదు, పిప్‌తో వేస్తే అయిపోయింది.

సర్వర్ 12.1 లేదా ఆ పైదై ఉంటే థిన్‌తోనే వెళ్లండి. 11జీ ఇంకా నడుస్తున్న చోట థిన్ పనికిరాదు, థిక్ మోడ్, ఇన్‌స్టంట్ క్లయింట్ కావాలి. అది కూడా 19 వెర్షన్‌దే వేయండి, 21 అయితే 11.2కి కనెక్ట్ కాదు. ఇక్కడ కొత్తది తీసుకుంటే నష్టం. సర్వర్‌లో ఒరాకిల్ సొంత నెట్‌వర్క్ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి చేసి ఉన్నా థిక్ మోడే దిక్కు.

జావాకి థిన్ డ్రైవర్ ముందు నుంచీ ఉంది, ఒక జార్ ఫైలు (జావా కోడ్ ప్యాకేజీ) క్లాస్‌పాత్‌లో, అంటే జావా వెతికే చోట పెడితే చాలు. 8, 11 అని జార్ పేర్లలో ఉండే నంబర్లు జావా వెర్షన్లు, డేటాబేస్‌వి కావు. “నో సూటబుల్ డ్రైవర్” అని వస్తే జార్ చేరలేదు, లేదా యూఆర్ఎల్‌లో అక్షరం తప్పింది. జావా నుంచి ఓడీబీసీకి వెళ్లే పాత వంతెనను జావా 8లోనే తీసేశారు, దాని కోసం వెతకొద్దు.

లినక్స్‌లో ఒక్క సంగతి చెప్పి వదిలేస్తాను. “కాంట్ ఓపెన్ లిబ్, ఫైల్ నాట్ ఫౌండ్” అంటుంది, వెళ్లి చూస్తే ఆ ఫైలు అక్కడే ఉంటుంది. కనెక్షన్ స్ట్రింగ్‌లో పేరు, డ్రైవర్ల పేర్లుండే ఓడీబీసీఇన్‌స్ట్ జాబితాలో ఉన్న పేరుతో అక్షరం అక్షరం కలిసిందా అని ముందు చూడండి. కలిస్తే ఎల్‌డీడీ కమాండ్ ఆ డ్రైవర్ ఫైలు మీద నడపండి. “నాట్ ఫౌండ్” అని ఏ లైబ్రరీ పక్కన వస్తే లేనిది అది. కొత్త ఆపిల్ చిప్ ఉన్న మ్యాక్‌లో ఆర్మ్64 కావాలి, ఎక్స్86 ఉంది అని ఎర్రర్ వస్తే పైథాన్, డ్రైవర్ రెండూ ఒకే చిప్ కోసం చేసినవి కావన్నమాట.

అడ్మిన్ హక్కులు లేని ఆఫీసు ల్యాప్‌టాప్‌లో

హైటెక్ సిటీలోనో బెంగళూరులోనో పనిచేసేవాళ్లలో చాలామందికి ఇదే అసలు సమస్య. ఓడీబీసీ ఇన్‌స్టాలర్ నడపాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి, ఐటీ టికెట్ పెడితే ఎప్పటికి తేలుతుందో తెలియదు. ఇక్కడ ఎంపిక దానంతట అదే తేలిపోతుంది. జేడీబీసీ జార్‌కి అడ్మిన్ అక్కర్లేదు. డీబీవర్ లాంటి టూల్ జార్లను తనే దించుకుంటుంది, అది జిప్ రూపంలో కూడా దొరుకుతుంది. పైథాన్‌లో మైఎస్‌క్యూఎల్‌కి పైమైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌కి బైనరీ సైకోపీజీ, ఒరాకిల్‌కి థిన్ మోడ్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి పైఎంఎస్‌ఎస్‌క్యూఎల్, ఇవన్నీ మీ యూజర్ ఫోల్డర్‌లోనే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో కూర్చుంటాయి. కంపెనీ సెక్యూరిటీ నిబంధనలు బయటి ప్యాకేజీలను ఒప్పుకుంటాయో లేదో మాత్రం ముందు కనుక్కోండి.

ఎక్సెల్ నుంచే కావాలంటే, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి పవర్ క్వెరీలో “ఫ్రమ్ ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్” అనే దారి ఉంది, దానికి విడిగా ఓడీబీసీ వేయక్కర్లేదు. మిగతా డేటాబేస్‌లకు టికెట్ పెట్టక తప్పదు. పెట్టేటప్పుడు డ్రైవర్ పూర్తి పేరు, వెర్షన్, మీ ఎక్సెల్ ఎన్ని బిట్లదో, విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ కూడా కావాలని, డీఎస్‌ఎన్‌ని సిస్టమ్ డీఎస్‌ఎన్‌గా చేయమని అన్నీ అందులోనే రాసేయండి. “మైఎస్‌క్యూఎల్ డ్రైవర్ కావాలి” అని ఒక్క ముక్కతో పెడితే 64 బిట్ ఏఎన్‌ఎస్‌ఐ ఒకటి పడేసి టికెట్ క్లోజ్ చేసి వెళ్తారు.